బాకీ రెండు వైపులా: రాజోలి టీచర్లకు ప్రపంచ పాఠం

ప్రపంచ పౌరసత్వం అనే మాట ప్రభుత్వ బడికి ఎక్కువగా ఒక దినోత్సవం రూపంలోనే వస్తుంది. వ్యాసరచన పోటీ పెడతారు, చార్టులు అంటిస్తారు, ఫొటో తీసి గ్రూపులో పెడతారు. అక్కడితో సరి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబర్‌లో నియామక పత్రాలు ఇచ్చారు. అలా ఉద్యోగంలోకి వచ్చి జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినవాళ్లకు నడిగడ్డ అని పిలిచే ఈ ప్రాంతం కొత్త, పిల్లల యాస కొత్త. ఆ మాటను రోజువారీ పాఠాల్లోకి తేవడానికి ఈ సలహాలు ముఖ్యంగా వాళ్ల కోసం. సీనియర్ టీచర్లకు పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి.

ఆ జిల్లాలోని రాజోలి పిల్లలకు ప్రపంచాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఊరు తుంగభద్ర ఒడ్డున ఉంది. ఎగువన కర్ణాటక, నది దాటితే ఆంధ్రప్రదేశ్. ఇళ్లలో గద్వాల చీర నేసే మగ్గాలున్నాయి. ఈ ప్రాంతపు చేలల్లో పండే పత్తి విత్తనం ఎక్కడెక్కడి రైతులకో పోతుంది. పిల్లలు రోజూ చూస్తున్న ఈ వస్తువులకు బయటి మనుషులతో ఉన్న లెక్కను వాళ్లచేత తీయించడమే మీ పని.

ఆ లెక్కకు రెండు ప్రశ్నలు చాలు. ఏ పాఠమైనా ఈ రెండూ అడగండి: ఇందులో మనం ఎవరికి బాకీ? మనకు ఎవరు బాకీ? మొదటిదొక్కటే అడిగితే పాఠం నీతిబోధ అయిపోతుంది, పిల్లలు తలూపి మరిచిపోతారు. రెండోదొక్కటే అడిగితే ఫిర్యాదుల చిట్టా తయారవుతుంది. పల్లెటూరి పిల్లలకు మనం ఎప్పుడూ బాధ్యతలే చెబుతాం. వాళ్ల పట్ల ప్రపంచానికి ఉన్న బాధ్యత కూడా వాళ్లకు తెలియాలి. అప్పుడే అవతలివాడి బాధ్యతనూ తమ బాధ్యతనూ ఒకే కొలతతో చూడగలుగుతారు.

హెచ్‌ఎం అడిగితే ఏం చూపించాలి

"సిలబస్ వదిలేసి ఇదేంటి మేడం?" అనే ప్రశ్న వస్తుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులు చెబుతుంది. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణుల రక్షణ అందులో ఉంది. నదులు అన్న మాట స్పష్టంగానే ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 ప్రపంచ పౌరసత్వ విద్య గురించే. 1974 నాటి యునెస్కో సిఫార్సును 2023 నవంబర్‌లో సవరించినప్పుడు శాంతి, మానవ హక్కులు, సుస్థిరాభివృద్ధి మూడింటినీ విద్యతో ముడిపెట్టారు. జాతీయ విద్యావిధానం 2020 కూడా ప్రపంచ పౌరసత్వం అన్న మాట వాడింది. వీటిని పాఠ్యప్రణాళికలో రెండు వాక్యాల్లో రాసుకుంటే చాలు, పిల్లలకు చదివి వినిపించనక్కర్లేదు.

వీటికన్నా గట్టి ఆధారం పాఠ్యపుస్తకమే. తెలంగాణ పిల్లలు ఏళ్లుగా చదువుతూ వచ్చిన పదో తరగతి సాంఘికశాస్త్రంలో భారతదేశ నదుల పాఠం తుంగభద్ర పరీవాహక ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుంది. వలసలు, ప్రపంచీకరణ, ఆహార భద్రత, సమానత్వంతో కూడిన సుస్థిరాభివృద్ధి, వీటన్నిటికీ వేరువేరు పాఠాలున్నాయి. మీరు కొత్త పాఠం చేర్చడం లేదు, ఉన్న పాఠాన్ని ఊరిదాకా తెస్తున్నారు.

నది: పైవాళ్లు, కిందివాళ్లు

ఏడాదిలో ఒక్క పాఠానికే వీలైతే నదిని ఎంచుకోండి. నల్లబల్ల మీద నదిని గీయించండి. పశ్చిమ కనుమల్లో పుట్టిన తుంగ, భద్ర శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం. రాయచూరు జిల్లాలో రాజోలిబండ ఆనకట్ట. తర్వాత మంత్రాలయం, సుంకేసుల బ్యారేజీ, కర్నూలు. ఆ కింద కృష్ణలో కలిసి శ్రీశైలం. రాజోలి, రాజోలిబండ ఒకటే అనుకునే పిల్లలుంటారు. బండ కర్ణాటకలో ఉందని మ్యాపులో చూపించండి.

లెక్కల టీచరును ఇక్కడే కలుపుకోండి. రాజోలిబండ మళ్లింపు పథకం, అందరి నోటా ఆర్‌డీఎస్, కింద తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఎకరం 43,560 చదరపుటడుగులు. పిల్లలు భాగించి చూస్తే ఎకరానికి నాలుగు అడుగులకు కాస్త పైనే నీళ్లు నిలవాలని తేలుతుంది. కాగితం మీద ఉన్న ఈ నాలుగు అడుగులకూ, చివరి ఆయకట్టు రైతు చేలో కనిపించే నీళ్లకూ తేడా ఎందుకుందో అడగండి. కాలువ ఎగువన మొదలై దిగువకు వచ్చేసరికి నీళ్లు ఎక్కడెక్కడ తగ్గుతాయో, తుమ్మిళ్ల దగ్గర సుంకేసుల వెనుక జలాల నుంచి నీళ్లు ఎత్తి ఈ కాలువకే పోయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో వాళ్లే చెబుతారు. మనకు ఎవరు బాకీ అన్న ప్రశ్నకు ఇదో జవాబు.

అక్కడే ఆపితే పాఠం సగమే. రాజోలి కూడా ఎవరికో ఎగువ ఊరే. ఇక్కడ నదిలో వేసిన చెత్త, కలిపిన మురుగు, తోడిన ఇసుక కర్నూలువాళ్ల లెక్కలోకి పోతాయి. ఊరి నుంచి నదిలోకి పోయేవేమిటో పిల్లలచేత జాబితా రాయించండి. మొదటి ప్రశ్నకు జవాబు ఆ జాబితాయే.

బయటి ఉదాహరణ కావాలంటే రైన్ నది కథ చెప్పండి. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దగ్గర సాండోజ్ కంపెనీ రసాయనాల గోదాము తగలబడింది. మంటలార్పిన నీళ్లతో పాటు పురుగుమందులు నదిలో కలిశాయి. నది ఎర్రబారింది, జర్మనీ మీదుగా చేపలు చచ్చి తేలాయి, దిగువన నెదర్లాండ్స్ దాకా భయం పాకింది. మరుసటి ఏడాదే ఆ నదీతీర దేశాలు కలిసి రైన్ కార్యాచరణ పథకం చేపట్టాయి. కొట్లాడుకోవడానికి కారణమున్న దేశాలు కూర్చుని లెక్క రాసుకున్నాయని పిల్లలకు తెలియాలి.

2009 అక్టోబర్ మొదట్లో వచ్చిన తుంగభద్ర వరదలో రాజోలి మునిగింది, ఇళ్లు కూలాయి, మగ్గాలు పోయాయి. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఆ తర్వాత పుట్టినవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లు సాక్షులు. కబురు ఎవరు చెప్పారు, ఎంత ముందు తెలిసింది, ఎటు పరుగెత్తారు, ఎవరు అన్నం పెట్టారు, ఈ నాలుగు ప్రశ్నలతో అవ్వాతాతల దగ్గర మాటలు రాసుకుని రమ్మనండి. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇంటి పిల్లలను మాత్రం బలవంతపెట్టవద్దు. దాని పక్కనే 2024 ఆగస్టు 10 రాత్రి సంగతి పెట్టండి. తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది, దిగువ ఊళ్లను అప్రమత్తం చేశారు, వారం రోజుల్లో తాత్కాలికంగా స్టాప్‌లాగ్ అమర్చారు. రెండుసార్లూ కబురు ఎలా వచ్చిందో పోల్చమనండి. ఎగువవాడు దిగువవాడికి సమయానికి కబురు చెప్పడం కూడా బాకీయే. వరదకు వాతావరణ మార్పే కారణమని క్లాసులో ఒక్క మాటలో తేల్చేయకండి. వాన, డ్యాం నిర్వహణ, నది ఒడ్డున కట్టడాలు, ఇవన్నీ విడివిడిగా రాయించండి.

మగ్గం: చీర వెనక ఎన్ని ఊళ్లు

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఉపన్యాసం బదులు ఒక చీర ప్రయాణం గీయించండి. గద్వాల చీరకు ఒంట్లో నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు ఎక్కడిది? పట్టు కర్ణాటకదా, ఇంకెక్కడిదా? దేశంలో వాడే ముడిపట్టులో కొంత చైనా నుంచి దిగుమతి అవుతుంది. జరీ ఎక్కువగా సూరత్‌ది. అక్కడి నుంచి ఆసు పోయడం, కండెలు చుట్టడం, మగ్గం మీద నేత, ఆ తర్వాత మాస్టర్ వీవర్ చేతికి, షాపుకు. పిల్లల్లో చాలామంది ఇళ్లలోనే ఈ పనులన్నీ జరుగుతాయి కాబట్టి ఈ పాఠంలో వాళ్లే మాస్టార్లు. మీరు కుర్చీలో కూర్చుని రాసుకోండి.

రంగుల సంగతి ప్రపంచాన్ని సూటిగా మగ్గం దగ్గరికి తెస్తుంది. క్యాన్సర్ ప్రమాదముందని జర్మనీ 1994లో కొన్ని అజో రంగులను నిషేధించింది. మన బట్ట కొనేవాళ్లు వద్దన్నాక ఇక్కడి రంగుల వ్యాపారమూ మారాల్సి వచ్చింది. 1997లో మన ప్రభుత్వమూ హానికరమైన అజో రంగులపై నిషేధం తెచ్చింది. జర్మనీలో కట్టుకునేవాళ్ల ఒంటిని కాపాడాలని చేసిన చట్టం వల్ల ఇక్కడ రంగులద్దే మనిషి చేతులకూ మేలు జరిగిందా? అద్దకపు నీళ్లు పోయే కాలువ సంగతేమిటి? ఇవి సైన్స్ టీచరుకు మంచి ప్రశ్నలు. రంగు ఊళ్లో అద్దితే ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూసి రమ్మనండి. రంగేసిన నూలే బయటి నుంచి వస్తే, ఆ బాకీ ఏ ఊరి కాలువ మోస్తోందో అడగండి.

ఒక జాగ్రత్త. చీర ధరలో నేతగాడి కూలి ఎంతో లెక్కవేయడం మంచి పాఠమే. కానీ ఎవరింట్లో ఎంత కూలి, ఎంత అప్పు అన్నది క్లాసులో పేరుతో చెప్పించకండి. పేరు లేని చీటీల మీద రాయించి, కలిపి సగటు తీయండి.

సీడ్ పత్తి: మీ హాజరు పట్టీలోనే ఉన్న పాఠం

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి వచ్చింది. ఆ తర్వాత విత్తన పత్తి సాగు మన ప్రాంతానికీ పాకింది. హైబ్రిడ్ విత్తనం దానంతట అది పుట్టదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లో కేసరాలు చేత్తో తీసేయాలి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు పుప్పొడి అద్దాలి. ఇదే క్రాసింగ్. చిన్న చేతులకు తేలికన్న సాకుతో ఏళ్ల తరబడి ఈ పనిలో పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పెట్టారు. దావులూరి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు దీన్ని వివరంగా రాశారు. బహుళజాతి విత్తన కంపెనీల ప్రస్తావనతో ఆయన నివేదిక 2003లో నెదర్లాండ్స్ సంస్థ ద్వారా బయటికొచ్చాక యూరప్‌లో ప్రశ్నలు లేచాయి, కొన్ని కంపెనీలు చేలల్లో తనిఖీలు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎక్కడో ఉన్నవాళ్లు తమకు సంబంధం లేదనకుండా అడిగిన ప్రశ్న ఇక్కడి చేను దాకా వచ్చింది. ఉమ్మడి బాధ్యతకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మీకు దొరకదు.

చట్టం తెలిసి మాట్లాడండి. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. ప్రమాదం లేని సొంత కుటుంబపు పనిలో, బడి వేళల తర్వాతో సెలవుల్లోనో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. 14 నుంచి 18 ఏళ్లవాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. బాలకార్మిక వ్యవస్థపై అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాలు 138, 182 రెండింటినీ భారత్ 2017లో ఆమోదించింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంతో రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎంవీ ఫౌండేషన్, దాన్ని నడిపించి 2003లో రామన్ మెగసెసె అవార్డు అందుకున్న శాంతా సిన్హా, మన తెలుగు నేల ప్రపంచానికి నేర్పిన పాఠం.

ఇక మీ రోజువారీ పని. వానాకాలం నుంచి శీతాకాలం దాకా హాజరు పట్టీని వారం వారం చూడండి. వరసగా రాని పిల్లల ఇంటికి ముందు మీరే వెళ్లండి. మాట నిందతో మొదలుపెట్టకండి. "అన్నా, పాప నాలుగు రోజుల నుంచి బడికి రావట్లేదు, ఒంట్లో బాగుందా?" అని అడగండి. కారణం వాళ్లే చెబుతారు. ఫలితం లేకపోతే హెచ్‌ఎంకు రాతపూర్వకంగా చెప్పండి, తర్వాత ఎంఈవో. పిల్లలకు ప్రమాదం ఉందనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. చేలో పనిచేస్తున్న పిల్లల ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ బిడ్డ రేపు మీ క్లాసులో కూర్చోవాలి. పాఠం చెప్పేటప్పుడూ ఫలానావాడు చేనుకు పోతాడని వేలు చూపకండి. విత్తన ప్యాకెట్ కొనే రైతు, అమ్మే కంపెనీ, మధ్యలో ఆర్గనైజర్, పండించే రైతు, కూలి తల్లి, బడి, ప్రభుత్వం, ఒక్కొక్కరి పేరు బోర్డు మీద రాసి, ఈ బిడ్డకు ఎవరు ఏం బాకీ అని పిల్లల్నే అడగండి.

వచ్చే పిల్లలు, పోయే పిల్లలు

పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, కూలీల పేరు తెలియని పెద్ద ప్రాజెక్టు ఈ దేశంలో తక్కువ. ఇక్కడి నుంచి నగరాలకు పోయేవాళ్లున్నారు, ఇక్కడి చేలకు బయటి నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. మన పిల్లవాడు పుణెలో బడి గడప ఎక్కితే ఆ టీచరు ఎలా చూడాలని కోరుకుంటామో, కన్నడం మాట్లాడే పిల్ల మన గడపలోకి వస్తే అలాగే చూడాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వయసు ధ్రువపత్రం లేదని, టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. కొత్త పిల్లకు తోడుగా ఇద్దరు విద్యార్థులను పెట్టండి. మొదటి నెల బాధ్యత వాళ్లది. బాధ్యత అన్న మాట వాళ్లకు చేతల్లో తెలిసేది ఇలాంటి పనితోనే.

ఊళ్లో గొడవ నడుస్తుంటే

2025లో రాజోలి మండలంలోని పెద్ద ధన్వాడ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు ఆందోళనకు దిగాయి, అరెస్టులూ జరిగాయి. ఆర్‌డీఎస్ నీళ్ల గొడవ దశాబ్దాల నాటిది. పిల్లలు వీటి గురించి అడుగుతారు. "అది మనకెందుకు, పాఠం చూడండి" అంటే అక్కడితో మీ పౌరసత్వ పాఠం అబద్ధమైపోతుంది. అలాగని క్లాసును సభ చేయకూడదు. మీకు ప్రవర్తనా నియమావళి ఉంది, రాజకీయాల్లో పాల్గొనడం, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడం దాని ప్రకారం తప్పు.

దీనికో పద్ధతి ఉంది. పరిశ్రమకు నీళ్లు ఎన్ని కావాలి, వ్యర్థాలు ఎటు పోతాయి, ఉద్యోగాలు ఎవరికి, అనుమతి ఎవరు ఇస్తారు, అభ్యంతరం ఎక్కడ చెప్పుకోవాలి వంటి ప్రశ్నలను బోర్డు మీద రాయండి. వేర్వేరు పత్రికల వార్తలు రెండు మూడు తెప్పించి, ఏది వాస్తవం, ఏది అభిప్రాయం అని గీతలు గీయించండి. మీ అభిప్రాయం అడిగితే "నాది చెప్పను, మీది ఏ ఆధారంతో అంటున్నారో చెప్పండి" అనండి. ఎవరి నాన్న ఎటువైపు, ఎవరి మీద కేసుంది అన్న మాట క్లాసులోకి రానీయకండి. పిల్లల్ని ధర్నాకు తీసుకెళ్లకండి, ధర్నాను వ్యతిరేకించే సభకూ తీసుకెళ్లకండి.

టైమ్ ఎక్కడిది, మార్కులు ఎలా

పైవన్నీ ఒకే ఏడాది చేయాలని లేదు. నది జూలైలో, మగ్గం ఆగస్టులో, సీడ్ పత్తి అక్టోబర్‌లో, వలస జనవరిలో పెట్టుకుంటే ఒక్కోదానికి మూడు పీరియడ్లు సరిపోతాయి. మొదటి పీరియడ్‌లో బొమ్మ, ప్రశ్నలు. ఇంటికి వెళ్లి వివరాలు సేకరించాక రెండో పీరియడ్‌లో లెక్క. మూడో పీరియడ్‌లో ఒక పని. ఈ వివరాలే ఎఫ్ఏలో ప్రాజెక్టు పనిగా రాయించండి. అదనపు నోట్‌బుక్ అక్కర్లేదు. మార్కులు ఎంత అందంగా గీశారన్నదానికి ఇవ్వకండి. రెండు ప్రశ్నలకూ జవాబుందా, ఎవరిని అడిగి రాశారు, రాసినదాన్ని ఎలా సరిచూసుకున్నారు అన్నవాటికి ఇవ్వండి.

మూడో పీరియడ్‌లో చేసే పని చిన్నదే కావాలి, కానీ నిజంగా ఎవరికో చేరాలి. నది అవతల, దిగువన ఉన్న కర్నూలు జిల్లా బడికి ఒక ఉత్తరం రాయించండి: మేం మీ ఎగువన ఉన్నాం, ఈ మూడు చెత్తలు నదిలో వేయకుండా చూస్తాం, వరద కబురు మీకు ఎలా వస్తుందో మాకు రాయండి. రాయచూరు జిల్లా బడికి రాసేటప్పుడు కన్నడం వచ్చిన విద్యార్థి సాయం తీసుకోండి. నీటిపారుదల శాఖ ఇంజినీరుకు ఒక ప్రశ్న పంపండి: గేట్లు ఎత్తేముందు మా ఊరికి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు? ఉత్తరాలన్నీ హెచ్‌ఎం సంతకంతో, బడి తరఫున వెళ్లాలి. నది దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే హెచ్‌ఎం అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, సరిపడా పెద్దవాళ్లు తప్పనిసరి. బ్యారేజీ నుంచి ఏ క్షణాన నీళ్లు వదులుతారో తెలియదు కాబట్టి ఒడ్డు నుంచి దిగకుండా చూసుకోండి.

చేసినదాన్ని కాంప్లెక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు చెప్పండి. ఏది కుదరలేదో కూడా చెప్పండి. మీ ఉద్యోగానికి ఇది మంచిది, మీరు బదిలీ అయ్యాక వచ్చే టీచరుకు ఇంకా మంచిది. ఈ పాఠాల ఫైలు బీరువాలో కాకుండా క్లాసులో ఉండనివ్వండి.

ఉత్తరాలకు జవాబు రాకపోవచ్చు. అప్పుడు రెండోసారి రాయించండి, మొదటి ఉత్తరం తేదీ ప్రస్తావించి, మర్యాదగా. జవాబు వస్తే ఆ రోజే అందరిముందూ చదివించి, అందులో మన మీద ఉన్న బాకీ ఏమిటో, దాన్ని ఈ నెలలో ఎవరు తీరుస్తారో పేర్లతో బోర్డు మీద రాయించండి. వచ్చే నెల మొదటి వారంలో ఆ బోర్డు ముందుకే వెళ్లి, ఏది తీరింది, ఏది మిగిలింది అని అడగండి.